జోనా అయ్యగారి పక్షి

"—ఆ డేక్సాలోనే ఉడకబెట్టినావు! మూత తీసి చూస్తే కాళ్ళు రెండూ పైకి లేసి ఉండాయి. పలావు డేక్సా అది, ఎవాంజీ. క్రిస్మస్ పలావు డేక్సా!"

"పాతది కదా అత్తమ్మా. అడుగు మాడిందని మీరే మూల పడేసినారు."

"మూల పడేస్తే? గద్దను ఉడకబెట్టుకోమని పడేసినానా?"

"కోడిని ఉడకబెడితే తప్పు లేదు గాని..."

"కోడిని తింటామే తల్లీ! నువ్వు దీన్ని తినేదానికైనా ఉడకబెట్టలేదే!"

గోడ అవతల పంపు దగ్గర బిందె నింపుకుంటున్న పక్కింటి సొన్నమ్మకు మిగతాది ఎట్లా వినిపించినా ఈ ఆఖరి మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. సాయంత్రానికల్లా బెంగళూరు అంచున ఉన్న హూడిలో ఆ వీధి మొత్తానికీ తెలిసిపోయింది. అయ్యగారి కోడలు గద్దలను ఉడకబెడుతుంది, కానీ తినదు. తినకపోవడమే అందరినీ ఎక్కువగా కలవరపెట్టింది.

అది 1994. ఎవాంజెలిన్ అప్పటికి నగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరరు. మదనపల్లి వైపు పిల్ల. పెళ్ళై హూడికి వచ్చింది. భర్త జేమ్స్ వైట్‌ఫీల్డు దగ్గర ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. మామగారు జోనా ఊళ్ళోని తెలుగు సంఘానికి పాస్టరు. అందుకని అందరూ ఆయన్ను అయ్యగారని, అత్తగారు రాచెలమ్మను అమ్మగారని అనేవారు. ఎవాంజెలిన్ రెండు బస్సులు మారి కాలేజీకి పోయి, పిల్లలకు కప్ప గుండె చూపించి, మళ్ళీ రెండు బస్సులు మారి వచ్చి, మిగిలిన పొద్దులో పీహెచ్‌డీ చేసుకునేది. విషయం, అంతరించిపోయిన వేటపక్షుల వర్గీకరణ.

అంతరించిన పక్షిని ఎవరూ చూసి ఉండరు. దొరికేది ఒక ఎముక, అది కూడా చాలాసార్లు విరిగినదే. దాని పక్కన ఇప్పుడున్న పక్షుల ఎముకలు ఒక్కొక్కటే పెట్టి, ఏ గట్టు ఎంత ఎత్తు, ఏ గుంట ఎంత లోతు అని పోల్చుకుంటూ పోవాలి. దగ్గర బంధువు దొరికితే కుటుంబం తెలుస్తుంది. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు ముక్కు చూసి, నడక చూసి "నువ్వు ఫలానా వాళ్ళ మనవడివి కదూ" అనడం లాంటిదే ఈ పని. కాకపోతే ఇక్కడ పోల్చుకోవాలంటే ఆ బతికున్న బంధువు కూడా చచ్చి, చర్మం మాంసం ఊడి, శుభ్రంగా ఎముకై ఉండాలి.

బెంగళూరులో గద్దలకు కొదవ లేదు. మాంసం దుకాణాల మీద తిరుగుతూ, గాలిపటాల మాంజాకు రెక్క కోసుకునో, కరెంటు తీగ తగిలో పడేవి. కాలేజీకి అటవీశాఖ అనుమతి ఉంది కాబట్టి ఎవరైనా తెచ్చి ఇస్తే తీసుకోవచ్చు. కానీ కాలేజీలో ఉడకబెట్టడానికి వీల్లేదు. వాసన వస్తోందని ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. అందుకని న్యూస్‌పేపరులో చుట్టిన గద్దలు ఎవాంజెలిన్ సంచిలో, లంచ్ బాక్సు పక్కనే, హూడికి ప్రయాణం చేసేవి. పెరట్లో చాకలిసోడా వేసిన నీళ్ళలో ఉడికి, ఇసుకలో పూడి, కొన్నాళ్ళకు తెల్లగా బయటికి వచ్చేవి.

డేక్సా గొడవ జోనా అయ్యగారి దగ్గరికి పోయింది. సంఘంలో ఇంతకన్నా చిన్న విషయాలకు చీలిపోయిన కుటుంబాలను కలిపిన మనిషి ఆయన. పేపరు మడిచి పక్కన పెట్టి, ఇద్దరి మాటా విన్నాడు.

"డేక్సా కోడలు పాపకిచ్చేయ్ రాచెల్. దాంట్లో ఇంక నువ్వు వండినా నేను తినను."

"సరే. అయితే నాదీ ఒక మాటుంది," అంది రాచెలమ్మ. "గద్దలు తెచ్చుకోనీ, డేగలు తెచ్చుకోనీ. రాబందును మాత్రం ఈ గడప ఎక్కించేదానికి లేదు. రాబందు వాలిన ఇల్లు పాడుపెట్టి పోవాల్సిందే. మా నాయన చెప్తా ఉండె."

"మనం క్రైస్తవులం కదా రాచెల్, అవన్నీ—"

"మనం క్రైస్తవులమే. రాబందుకు తెలియాల కదా."

అయ్యగారు నవ్వాడు. "సరే. డేక్సా పాపది. రాబందు మాట నీది. ఇద్దరూ గెలిచినారు, ఇంక కాఫీ ఇయ్యండి."

ఎవాంజెలిన్ ఒప్పుకుంది. ఒప్పుకోవడం కష్టమనిపించలేదు. ఆ రోజుల్లో పశువుల కళేబరాలు పారేసే దిబ్బల దగ్గరికి పోతే రాబందులు గుంపులు గుంపులుగా కూర్చుని ఉండేవి. ఎక్కడికీ పోయేవి కావు. కావాలంటే తర్వాత చూసుకోవచ్చు. ఆమె కాలేజీ బీరువాలో దొరల కాలం నాటి గద్దల ఎముకలు ఎన్నో ఉన్నాయి గాని రాబందుది ఒక్కటీ లేదు. వాటిని పోగు చేసినవాళ్ళకు కూడా ఇదే ధైర్యం ఉండి ఉంటుంది.

జోనా గురించి కొంత చెప్పాలి. ఆయనకు ప్రసంగం పెద్దగా వచ్చేది కాదు. ఆయనకు బాగా వచ్చింది సమాధి కార్యక్రమం. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి అయినవాళ్ళెవరూ లేకుండా పోయిన కూలీలను, ఏ సంఘమూ మాది అని చెప్పని వాళ్ళను, కబురు అందితే చాలు, సైకిలు మీద పోయి పూడ్చి వచ్చేవాడు. ఒకసారి కమిటీ పెద్దగారి కూతురి పెళ్ళి ఆరాధనను సగంలో ఇంకొక పాస్టరుకు అప్పజెప్పి, ఒక కూలీని పూడ్చడానికి పోయాడు. చావు ఉన్నచోట ముందుగా కనిపించేది ఆయనే అని, వెనకాల 'సావుల అయ్యగారు' అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా రాచెలమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆయన 1996లో పోయాడు. రెండేళ్ళకు హూడి చుట్టూ ఆఫీసులు లేచాయి, సంఘంలో కొత్త సభ్యులు చేరారు, పాత రేకుల గుడి పడగొట్టి కాంక్రీటుది కట్టారు. ముందు ద్వారం పక్కన నల్లరాయి పెట్టారు. అందులో శంకుస్థాపన చేసిన బిషప్పు పేరు, కమిటీ పేర్లు, కాంట్రాక్టరు పేరు, ఫ్యాన్లు ఇచ్చినవాళ్ళ పేర్లు ఉన్నాయి. ఆ రేకులను నెత్తిన మోసిన జోనా పేరు లేదు.

"మరిచిపోయినాం అమ్మగారూ," అన్నాడు సంఘ కార్యదర్శి పౌలు. "రాతిలో చెక్కేసినారు. ఇప్పుడేం చేసేదానికీ లేదు."

ఆ ఆదివారం నుంచి రాచెలమ్మ ఆ ద్వారంలో నుంచి లోపలికి పోలేదు. చెప్పుల స్టాండు వైపున్న పక్కతలుపు గుండా పోయి, వెనక బెంచీ మీద కూర్చుని వచ్చేది.

ఇంటి దగ్గర ఆ కోపం ఎవాంజెలిన్ మీద, పెరట్లోని ఇసుక మీద పడేది. సరిగ్గా అప్పుడే ఎవాంజెలిన్ చేతికి ఒక కొత్త పక్షి దొరికింది.

దొరికిందంటే, ఆమె గైడు బసవరాజు గారు ఇచ్చారు. ఆయనది కోలారు. ఇంట్లో కన్నడం, ఎవాంజెలిన్‌తో కోలారు తెలుగు. వయసులో ఉన్నప్పుడు కర్నూలు జిల్లా సున్నపురాయి గుహల్లో తవ్వి తెచ్చిన ఎముకలు ఆయన దగ్గర సిగరెట్ డబ్బాల్లో దూది మధ్య ఉండేవి. అందులో ఒకటి పెద్ద పక్షి కాలి ఎముక. మడమ నుంచి కిందికి సగం ఉంది, వేళ్ళ వైపు సగం విరిగిపోయింది.

"ఇది నాకు తేలలేదు తల్లీ. నీ గద్దలతో పోల్చి చూడు," అన్నారు.

ఆమె పోల్చింది. మామూలు గద్ద ఎముక దీని పక్కన అగ్గిపుల్లలా ఉంది. పాముల గద్దది సన్నం. బీరువాలోని పెద్ద గద్దలు దగ్గరికి వచ్చాయి, కాని వాటికన్నా ఇది పెద్దది. ఒక్కటే కుదరలేదు. ఎముక పైభాగంలో, వెనకవైపు, నరాలు జారకుండా పట్టి ఉంచే గట్లు రెండు ఉంటాయి. పెద్ద గద్దల్లో లోపలి గట్టు ఎత్తుగా నిలబడి ఉంటుంది. ఇందులో రెండూ పొట్టిగా ఉన్నాయి. గుహలో నీళ్ళు పారతాయి, ఎముకలు దొర్లుతాయి, అరుగుతాయి. 'గట్లు అరిగి ఉన్నాయి' అని రాసుకుంది. రాసుకున్న తర్వాత మిగతాదంతా చక్కగా కుదిరింది.

పక్కన పెట్టి చూడని పెద్ద పక్షి ఒకటుందని ఆమెకు తెలుసు. బసవరాజు గారికీ తెలుసు. "రాబందు ఒకటి చూసుకోవాల సార్," అని ఆమె అంది కూడా. కళేబరాల దిబ్బ దగ్గరికి పోతే అక్కడ కుక్కలు తప్ప ఏమీ లేవు. రాబందులు ఏమయ్యాయో అప్పటికి ఎవరికీ తెలియదు. "పోనీలే, కాలు చూస్తే వేటాడేదాని మాదిరే ఉండాది," అన్నారు బసవరాజు గారు. ఆయనకు రిటైర్‌మెంటు దగ్గర పడింది.

1999లో ఒక చిన్న పత్రికలో వ్యాసం అచ్చయింది. కొత్త జాతి, అంతరించిన పెద్ద గద్ద. కనిపెట్టినవాళ్ళు పేరు పెట్టాలి. లాటిన్‌లో రెండు మాటలు ఉంటాయి. మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది సొంత పేరు. సొంత పేరుగా ఎవాంజెలిన్ 'జోనాయి' అని పెట్టింది. జోనాది అని అర్థం. ఇందులో మామగారి మీద గౌరవం ఎంతో, వంటింట్లో శాంతి కోసం పడిన తాపత్రయం ఎంతో ఆమె కొలుచుకోలేదు.

రాచెలమ్మ ఆ పత్రికను చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ఇంగ్లీషు చదవలేదు. జోనాయి అన్న మాట ఎక్కడుందో వేలితో చూపించమంది.

"ఇది ఎన్నాళ్ళుంటాది?"

"ఎప్పటికీ ఉంటుంది అత్తమ్మా. లోకంలో ఎవరు ఆ పక్షి గురించి రాసినా ఈ పేరే రాయాల."

"ఫ్యాను ఇచ్చినోళ్ళ పేర్లు?"

"అవి రాయరు."

రాచెలమ్మ లేచి పోయి కోడలికి కాఫీ పెట్టింది.

సంఘానికి ఈ కబురు చాలా సదుపాయంగా అందింది. మరిచిపోయిన పేరును ఏ రాయీ మార్చకుండా గుర్తు చేసుకునే అవకాశం. కృతజ్ఞత కూడిక పెట్టారు. గద్ద అంటే మాంసం ఎత్తుకుపోయేది. పక్షిరాజు అంటే బైబిలు వాక్యంలో ఉన్నది. కాబట్టి పౌలు మైకులో 'మన అయ్యగారి పేరున్న పక్షిరాజు' అన్నాడు. వెనక బ్యానరు మీద ఒక కేలండరులో నుంచి తీసిన తెల్ల తల పక్షి ఉంది.

"అది అమెరికాది పౌలన్నా," అంది ఎవాంజెలిన్.

"పక్షిరాజు ఏ దేశంలో అయినా పక్షిరాజే మేడం."

బసవరాజు గారు శాలువా కప్పుకుని, "గండభేరుండం అనలేదు, అంతవరకు సంతోషం," అని ఆమె చెవిలో అన్నారు. రాచెలమ్మ ఆరోజు నల్లరాయి పక్కనుంచే, ముందు ద్వారంలోనుంచే నడిచి వచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. ఆ తర్వాత అది ఆమె చోటైపోయింది. 'సావుల అయ్యగారు' అన్న మాట మెల్లగా వినిపించడం మానేసింది. ఐదేళ్ళు పోయాక గుడి పక్కన హాలు కడుతూ, దానికి 'జోనా స్మారక మందిరం' అని పేరు పెట్టాలని కమిటీ తీర్మానించింది. పైన రెక్కలు చాచిన పక్షిరాజు, కింద పేరు. ఈసారి రాతిలో.

రాయి పని మొదలు కాకముందు, 2004 వేసవిలో, జూలో డాక్టరుగా ఉన్న మహబూబ్ బాషా కాలేజీకి ఫోను చేశాడు.

"మేడం, ఎప్పుడో అడిగినారు, గుర్తుండాదా? రాబందు. ముసలిది, నిన్న పోయింది. అనుమతి కాగితాలన్నీ నేనే చేయించినా. వస్తారా, పూడ్చి పెట్టేదా?"

అప్పటికి పేపర్లలో వచ్చింది. పశువులకు నొప్పికి ఇచ్చే మందు చచ్చిన పశువులో మిగిలి, దాన్ని తిన్న రాబందులు దేశమంతా లక్షల్లో పోయాయని. ఎక్కడికీ పోవనుకున్న పక్షి దాదాపు మొత్తంగా పోయింది. ఎవాంజెలిన్ వెళ్ళి తెచ్చింది. ఇంటికి కాదు, కాలేజీకే. ప్రిన్సిపాల్ మారాడు, వెనకాల షెడ్డు ఇచ్చాడు.

ఎముకలు శుభ్రమై ఆరాక ఒక మధ్యాహ్నం కాలి ఎముకను తీసి, సిగరెట్ డబ్బాలోని దాని పక్కన పెట్టింది. వెనక్కి తిప్పింది. రెండు గట్లూ పొట్టిగా ఉన్నాయి. ఈ ముసలి రాబందు గుహలో దొర్లలేదు, నీళ్ళలో అరగలేదు.

భూతద్దం తీసుకుని పాత ఎముక గట్లు మళ్ళీ చూసింది. పైపొర నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది. అరిగిన ఎముకకు లోపలి గుల్ల కనిపించాలి. ఈ సంగతి ఆమె ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకు చెప్పేదే. ఐదేళ్ళ కిందట కూడా ఆ ఎముక ఇట్లాగే ఉంది.

ఆమెకు ఒక ఆశ మిగిలింది. ఇది ఇప్పటి రాబందే అని తేలితే కొత్త జాతి అన్నదే ఉండదు. జోనాయి అన్న పేరు ఎవరూ చూడకుండా రాలిపోతుంది. అది కొంచెం మర్యాదైన చావు. కొలిచి చూసింది. గుహలోది బాగా పెద్దది, గట్ల మధ్య గాడి కూడా వేరు. రాబందే, కానీ ఇప్పుడు లేని రాబందు. కొత్త జాతే. పేరు ఉంటుంది.

బసవరాజు గారి ఇంటికి పోయి రెండు ఎముకలూ బల్ల మీద పెట్టింది. ఆయన అద్దాలు మార్చుకుని చూశారు. గట్ల మీద బొటనవేలితో తడిమి, తల ఊపారు.

"పేరు మార్చొచ్చా సార్?"

"పెట్టినోళ్ళు కూడా మార్చేదానికి లేదు తల్లీ. రూలు. పెండ్లైన ఆడపిల్ల మాదిరి. ఇంటిపేరు మారుతాది, పేరు మారదు. నిన్నటిదాకా గద్ద జోనాయి, రేపటి నుంచి రాబందు జోనాయి."

"మనం రాయకపోతే?"

"రాయకపోతే ఎవురికి తెలుస్తాది? ఎముక నా డబ్బాలో ఉండాది. నేను పోయినాక ఎవడో చూస్తాడు, వాడు రాసుకుంటాడు. సుమ్నే ఉండు, ఊరకే." ఆయన ఎముకలు రెండూ ఆమె వైపు జరిపారు. "లేదు, రాస్తానంటే, నా పేరు కూడా పెట్టు. మొదటిదాంట్లో ఉండాది కదా."

జేమ్స్ ఆసుపత్రి మాట చెప్పాడు. "మేము రిపోర్టు తప్పు ఇస్తే మళ్ళీ రక్తం తీసి మార్చేస్తాం. కాని ఎవరూ మా రిపోర్టుకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించరు. హాలు ప్రతిష్ఠ అయిపోనీ, తర్వాత రాయి."

"తర్వాత రాస్తే రాతిలో ఉంటుంది కదా."

"అదే చెప్తా ఉండా. రాతిలో ఉంటే ఎవరూ ఏం చేసేదానికి ఉండదు."

ఆమె రెండు వారాల్లో వ్యాసం రాసేసింది. కవరులో పెట్టి అడ్రసు రాసి, ఒక ఆదివారం భోజనాలయ్యాక, అత్తగారు తమలపాకు నములుతూ మంచి మాటల్లో ఉన్నప్పుడు చెప్పింది.

రాచెలమ్మ నమలడం ఆపింది.

"రాబందా?"

"అవునత్తమ్మా. పొరపాటు నాదే. పక్కన పెట్టి చూసేదానికి అప్పుడు రాబందు ఎముక లేక—"

"ఏమిటికి లేదు?"

ఎవాంజెలిన్ గడప వైపు చూసింది. రాచెలమ్మకు పదేళ్ళ కిందటి తన మాట జ్ఞాపకం వచ్చినట్టుంది. తానూ అటు చూసి, ఇంకోవైపు నుంచి మొదలుపెట్టింది.

"అది సచ్చి ఎన్నాళ్ళయింది?"

"వేల ఏళ్ళు."

"మరి అదొచ్చి సాక్ష్యం చెప్తాదా, నేను గద్దను కాదు రాబందునని?"

"చెప్పదు."

"దాని పిలకాయలెవరైనా ఉండారా, బాధపడేదానికి?"

"లేరు."

"అయితే ఇప్పుడు నీకేమొచ్చింది? డేగ అనకూడదా? పోనీ గుడ్లగూబ?"

"అది కాదు కదత్తమ్మా."

"మీ మామయ్య కూడా రాబందు కాదు కదే! పక్షిరాజని ఇన్నేళ్ళు చెప్పించి, ఇప్పుడు సచ్చినదాని మీద వాలేదంటావా? సావుల అయ్యగారు, సావుల అయ్యగారని నోరు నొప్పెట్టేదాకా అన్నారు ఈ ఊరోళ్ళు. నువ్వు దానికి సర్టిఫికెట్ ఇస్తా ఉండావు. ఇంగ్లీషులో!"

జేమ్స్ లేచి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఎవాంజెలిన్ కవరు తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"మీరు వద్దంటే పంపను."

ఇది పెద్ద మనసుతో అన్నట్టే ఉంది గాని, బరువు ముసలామె మీదికి తోసేసినట్టు కూడా ఉంది. రాచెలమ్మకు రెండోది ముందు అర్థమైంది.

"తెలివైనదానివి," అంది.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు పెడుతూ, "బతికినవి యాడన్నా ఉండాయా?" అని అడిగింది.

"రామనగరం గుట్టల్లో ఇంకా కొన్ని ఉన్నాయంటారు."

"చూపించు."

శనివారం ప్యాసింజరు బండెక్కి రామనగరంలో దిగి, ఆటోలో గుట్ట దాకా పోయారు. రాచెలమ్మ ఎక్కలేనంది. కిందనే ఒక బండ నీడలో, కట్టుకుపోయిన చిత్రాన్నం మూట పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా నిటారు కొండ. దాని అరుగుల మీద తెల్లటి రెట్టల చారలు, కిందికి కారిన సున్నంలా. చాలాసేపు ఏమీ లేదు. ఎండ ఎక్కాక ఒకటి అరుగు అంచుకు నడిచి వచ్చి, రెక్కలు విప్పి గాలిలోకి దిగింది. దాని వెనక ఇంకొకటి.

ఎవాంజెలిన్ బైనాక్యులర్స్ ఇచ్చి ఎట్లా తిప్పాలో చూపించింది.

"తల మీద వెంట్రుకే లేదే."

"ఉండదు అత్తమ్మా."

"మీ మామయ్యకూ లేదు." బైనాక్యులర్స్ దించకుండానే అంది. "రెక్క ఆడించదా?"

"ఎక్కువగా ఆడించదు. గాలి ఎటు లేస్తే అటు."

"మీ మామయ్య సైకిలు మాదిరి కాదు. ఆయన తొక్కి తొక్కి సచ్చె." మళ్ళీ చూసింది. "కొట్లాడుకుంటాయా?"

"తినేటప్పుడు కొట్లాడుకుంటాయి. మామూలుగా కలిసే ఉంటాయి."

"సంఘం మాదిరి అను."

ఎవాంజెలిన్ నవ్వింది. రాచెలమ్మ నవ్వలేదు.

"సచ్చినవాటినే తింటాయా? దేన్నీ సంపవా?"

"చంపవు. కాళ్ళల్లో అంత బలం లేదు. గద్ద కాలు పట్టుకునేదానికి. దీనిది నడిచేదానికి. ఆ గట్టు పొట్టిగా ఉండేది అందుకే."

"గట్టు సంగతి నాకెందుకు లే." బైనాక్యులర్స్ ఒళ్ళో పెట్టుకుంది. "ఇవి లేకపోతే ఏమయితాది?"

"పశువులు అట్లాగే కుళ్ళిపోతాయి. కుక్కలు పెరుగుతాయి. ఇప్పుడు అదే అవుతా ఉంది."

రాచెలమ్మ చిత్రాన్నం మూట విప్పి కోడలికి పెట్టి తానూ తింది. పైనున్న పక్షి రెండు చుట్లు తిరిగి కొండ అవతలికి పోయింది. అది తిరిగి వస్తుందేమోనని ఇద్దరూ కొంతసేపు కూర్చున్నారు. రాలేదు.

"అందంగా మాత్రం లేదు," అంది రాచెలమ్మ, ఆటో ఎక్కుతూ. "ఒప్పుకోవాల."

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. పౌలు వరండాలో జేమ్స్‌తో కూర్చుని ఉన్నాడు. చేతిలో చుట్ట చుట్టిన పెద్ద కాగితం. రాచెలమ్మను చూసి లేచి నిలబడ్డాడు.

"వందనాలు అమ్మగారూ. రాయి బొమ్మ తెచ్చినాను. మీరొక్కసారి చూసి సరే అంటే సోమవారం ఉలి పడతాది." కాగితం విప్పి బల్ల మీద పరిచాడు. రెక్కలు చాచిన తెల్ల తల పక్షి, గోళ్ళ మధ్య ఒక రిబ్బను, రిబ్బను మీద జోనా పేరు. "ముక్కు కొంచెం వంకర పెట్టించినాను. బ్రహ్మాండంగా ఉండాది, కదా మేడం?"

జేమ్స్ భార్య వైపు చూడకుండా కాగితం అంచు ఎగరకుండా పట్టుకున్నాడు.

"పౌలన్నా, ఒక సంగతుంది," అంది ఎవాంజెలిన్. చెప్పింది. రెండు ముక్కల్లోనే చెప్పింది.

పౌలు మొదట నవ్వాడు. తర్వాత కూర్చున్నాడు. తర్వాత, కమిటీలో ఎన్నో ఏళ్ళుగా ఉన్నవాడు కాబట్టి, దారి కనిపెట్టాడు.

"మేడం, మీ వ్యాసం ఇంగ్లీషులో కదా? ఎవరో సైంటిస్టులు చదువుకునేది. మన సంఘంలో దాన్ని చదివేవాళ్ళు లేరు. అక్కడ అది రాబందు అవ్వనీండి. ఇక్కడ ఇది పక్షిరాజు. దానికీ దీనికీ సంబంధం ఏముంది? అమ్మగారికీ మర్యాద. లేదంటే రేపు పిలకాయలు గోడ మీద ఏం రాస్తారో మీకు తెలియదా?"

"తెలుసు," అంది ఎవాంజెలిన్.

"మరింకేం! అమ్మగారూ, మీరు ఊఁ అనండి."

రాచెలమ్మ ఇంకా చెప్పులు విడవలేదు. బల్ల మీదికి వంగి బొమ్మను చూసింది. తల నుంచి గోళ్ళ దాకా, గోళ్ళ నుంచి తల దాకా.

"దీని తల మీద వెంట్రుకలుండాయి," అంది.

"ఉంటాయి కదమ్మగారూ, పక్షిరాజు."

ఆమె కాగితాన్ని చుట్ట చుట్టి పౌలు చేతిలో పెట్టింది.

"రాయి పని ఆపు పౌలూ. సోమవారం ఎవాంజీ దాని కవరు పోస్టులో వేస్తాది. అది అచ్చు కానీ. అందులో ఏ పక్షి అని ఉంటే ఆ పక్షినే చెక్కిద్దాం."